ప్రపంచ కప్పు నెలలో మెత్తటి వంటలు

ఖతార్‌లో ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ జరిగిన ఆ చలికాలం మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. హన్మకొండలో మా ఇంట్లో ఫుట్‌బాల్ పిచ్చి ఇద్దరికి ఉంది, దానికీ వాళ్ల నాన్నకీ. ఆయనకు వరంగల్ స్టేషన్ రోడ్డులో పైపులు, నల్లాలు అమ్మే దుకాణం. కాలేజీ రోజుల్లో గోల్‌కీపర్‌గా ఆడేవారు. నాకు ఆ ఆటలో బంతి ఎటు పోతుందో తప్ప ఇంకేమీ తెలియదు.

అందుకని అమ్మాయి నాకొక పని పెట్టింది. మేం చూసే ప్రతి మ్యాచ్‌కూ ఆ రెండు దేశాల్లో ఒకదాని వంట చేయాలి. మా వంటింట్లోకి గుడ్డు కూడా రాదు. ఆ దేశాలన్నీ మాంసం మీద బతికేవే. మాంసం చోట మీల్ మేకర్ వేస్తానంటే సరేనంది.

మొదటి రోజు అర్జెంటీనా, సౌదీ. ఆట మధ్యాహ్నం మూడున్నరకు. ఆయన దుకాణం గుమాస్తాకు అప్పజెప్పి వచ్చేశారు. అర్జెంటీనా వాళ్ల ఎంపనాడాలు మన గరిజెల్లాంటివే. లోపల తీపికి బదులు కారం కూర పెట్టి, నూనెలో వేయించకుండా ఓవెన్‌లో కాల్చాను. పైపొర కాస్త గట్టిపడింది.

ఆయన ఒకటి తీసుకుని కొరికారు. నమిలారు. చాలాసేపు నమిలారు. తర్వాత గ్లాసెడు నీళ్లు తాగి, ఉన్నట్టుండి లేచి పెరట్లోకి వెళ్లారు. దగ్గు వినిపించింది. తిరిగి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లే, పొలమారింది."

సౌదీ గెలిచింది. అమ్మాయి సోఫా మీద ఎగిరింది. ఆయన కూడా చప్పట్లు కొట్టారు. కొరికిన ఎంపనాడా పళ్లెంలో అలాగే ఉంది.

మర్నాడు సాయంత్రం జర్మనీ, జపాన్. జర్మనీ వాళ్ల ఆలుగడ్డ అట్లు కరకరలాడేలా కాల్చాను. ఆయన ఆట చూస్తూ రెండు తిన్నారని సంతోషించాను. మ్యాచ్ అయ్యాక తొక్కలు పారేయడానికి చెత్తబుట్ట తీస్తే, పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి కనిపించింది. విప్పాను. నమిలి ఉమ్మేసిన అట్టు ముక్కలు.

ఆ పొట్లం చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. హాల్లోంచి ఇద్దరి నవ్వులూ వినపడుతున్నాయి. పొట్లం మళ్లీ చుట్టి బుట్ట అడుగున పెట్టాను.

మా మామయ్యకు, అంటే ఆయన తండ్రికి, ఇలాగే మొదలైంది. ముందు జొన్నరొట్టె దిగడం లేదన్నారు. నెల తిరిగేసరికి అన్నమూ దిగలేదు. తర్వాత జావ. చివరికి చెంచాతో పోసిన నీళ్లు కూడా పెదవుల పక్కనుంచి కారిపోయేవి. ఆ చెంచా పట్టుకున్న చెయ్యి నాదే. నాలుగు నెలల్లో పోయారు. అప్పటినుంచి మా ఇంట్లో ఆ రోగం పేరు ఎవరూ ఎత్తరు. 'ఆ బీమారి' అంటారు, అదీ గొంతు తగ్గించి.

వెంటనే అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అడిగితే ఆయన చెప్పే మాట వినాల్సి వస్తుంది. నాలుగైదు రోజులు చూస్తూ ఊరుకున్నాను. మధ్యాహ్నం డబ్బా ఖాళీగానే వచ్చేది. ఒకరోజు ఫోన్‌లో గుమాస్తాను మాటల్లో పెడితే, "సేటు రొట్టెలు నాకే పెడ్తాండమ్మా" అన్నాడు.

ఘనా, కొరియా మ్యాచ్ రోజున పరీక్ష పెట్టాను. ఘనా వాళ్లు పల్లీల పులుసులో అన్నం ముద్దలు వేసుకుని తింటారని అమ్మాయి వీడియో చూపించింది. అన్నాన్ని మెత్తగా ఉడికించి, మెదిపి, ముద్దలు చేశాను. పల్లీలు నూరి టమాటాలతో పల్చగా పులుసు పెట్టాను. ఆయన మూడు ముద్దలు తిన్నారు. వారం రోజుల ఆకలి ఆ తినడంలో కనిపించింది.

"డాడీకి ఘనా మస్తు నచ్చింది మమ్మీ!" అంది అమ్మాయి.

మెత్తటిది దిగుతోంది, గట్టిది దిగడం లేదు. ఇంక అనుమానం లేదు.

సగం ఆట విరామంలో ఆయన పళ్లెం పెట్టడానికి వంటింట్లోకి వస్తే తలుపు దగ్గరికి వేశాను.

"ఎన్ని దినాల సంది?"

ఆయన సింకులో పళ్లెం పెట్టి, నా వైపు తిరగకుండా అన్నారు. "దసరా ముందట్నుంచి."

"రెండు నెలలా! ఎందుకు చెప్పలే మీరు?"

"బాపుకు గిట్లనే షురువయింది. నువ్వు చూసినవ్ గదా. మల్ల నీతోని గా చాకిరి ఎట్ల చేయిస్త?"

"రేపు దవాఖానకు పోవాలె."

"మ్యాచులు అయిపోనీ జర."

"రేపే," అన్నాను. గొంతు పెద్దదైంది. హాల్లో టీవీ చప్పుడు తగ్గింది. అమ్మాయి వింటోందేమోనని ఇద్దరం మాట ఆపేశాం.

దవాఖానలో గొంతులోకి గొట్టం వేసి చూశారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. పదిహేను నిమిషాలన్నది గంట దాటింది. డాక్టరమ్మ మాస్కు తీస్తూ వచ్చి, "లోపల దారి బాగా ఇరుకైందమ్మా. గొట్టం దిగలేదు. చిన్న ముక్క తీసి పరీక్షకు హైదరాబాద్ పంపుతున్నాం. వారం పడుతుంది," అంది.

"అదేనా మేడం?"

"ఇప్పుడే ఏమీ చెప్పలేను."

ఆమె ముఖం చదవాలని చూశాను. ఏమీ దొరకలేదు.

అమ్మాయికి చెప్పొద్దని అనుకున్నాం. వంటలు ఆపేస్తే దానికి అర్థమైపోతుందని ఆపలేదు. పైగా చేతులు ఖాళీగా ఉంటే నాకు పిచ్చెక్కేలా ఉంది. బ్రెజిల్ వాళ్ల చిక్కుడు గింజల కూరను రాజ్మాతో చేసి, మిక్సీలో వేసి గుజ్జు చేశాను. టీవీలో గోల్ పడితే వాళ్లిద్దరూ అరుస్తుంటే, నేను ఆయన గొంతునే చూసేదాన్ని. ముద్ద నోట్లోకి పోతుంది. గొంతు ముడి పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. అది దిగేదాకా నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని. పడుకుంటే మామయ్య చెంచా కళ్ల ముందుకు వచ్చేది.

మొరాకో, స్పెయిన్ ఆట రోజున రెండు రకాలు చేశాను. మొరాకో వాళ్ల పప్పు సూపు, స్పెయిన్ వాళ్ల టమాటా సూపు. అమ్మాయి రెండు గిన్నెలనూ చూసి వంటింట్లోకి నా వెనకే వచ్చింది.

"స్పెయిన్‌ది సూపే, మొరాకోది సూపే. అన్ని దేశాలోళ్లు మెత్తటియే తింటాండ్లా మమ్మీ?"

"చలికాలం గదా బిడ్డా, మంచిదని..."

"తాతకు గూడ గిట్లనే చేసినవ్. నాకు యాదికుంది." అది తలుపు దగ్గరికి వేసింది. "డాడీకి ఆ బీమారేనా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మాయి కళ్లలోకి చూస్తూ చెప్పలేకపోయాను. "తెలువది బిడ్డా. ఎల్లుండి తెలుస్తది," అన్నాను. అది నన్ను పట్టుకుంది. ఇద్దరం స్టవ్ పక్కన అలాగే నిలబడ్డాం. మొరాకో పెనాల్టీల్లో గెలిచిందని హాల్లోంచి ఆయనే గట్టిగా చెప్పారు. మేం రాకపోయేసరికి మళ్లీ పిలవలేదు. ఆయనకూ అర్థమై ఉంటుంది.

రిపోర్టు రోజున ముగ్గురం వెళ్లాం. కవరు ఆయన చేతికిచ్చారు. ఆయన నాకిచ్చారు. నేను విప్పలేక డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. ఆమె మొదటి కాగితం చదివింది, రెండోది తిప్పింది, మళ్లీ మొదటిదానికి వచ్చింది. నేను అమ్మాయి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, తర్వాత చూస్తే దాని అరచేతిలో నా గోళ్ల గుర్తులున్నాయి.

"క్యాన్సర్ కాదు," అంది డాక్టరమ్మ. మా ఇంట్లో అందరం తప్పించుకు తిరిగిన ఆ మాట ఆమె నోట మామూలుగా వచ్చింది. "ఏళ్ల తరబడి కడుపులో యాసిడ్ పైకి తన్ని, అన్నవాహిక కాలి, మచ్చలు పడి ముడుచుకుపోయింది. బెలూన్ పెట్టి వెడల్పు చేస్తాం."

ఆయన కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడిచారు. అమ్మాయే అడిగింది, "గ్యారంటీనా మేడం?" అని. ఆమె రిపోర్టులోని వాక్యం మీద వేలు పెట్టి చూపించింది.

రెండు రోజులకు బెలూన్ పెట్టారు. ఫైనల్ నాటికి గట్టి పదార్థం కొద్దికొద్దిగా తినొచ్చన్నారు. ఫైనల్ రోజు ఫ్రాన్స్ పేరిట కూరగాయల పులుసు చేసి, పక్కన బేకరీ బ్రెడ్డు పెట్టాను. ఆయన బ్రెడ్డు చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నారు. ఫ్రాన్స్ రెండు నిమిషాల్లో రెండు గోల్స్ వేసిందట. నాకు తెలియదు, అమ్మాయికీ తెలియదు. మేం ఆయన్నే చూస్తున్నాం. ముక్క దిగింది. నీళ్లు లేకుండానే దిగింది.

"ఆట చూడుండ్లి, నన్నేం చూస్తరు!" అని కసురుకున్నారు.

భయం అంతటితో పోయిందని చెప్పను. ఎండాకాలంలో దారి మళ్లీ ఇరుకైంది. మళ్లీ బెలూన్ పెట్టారు, మళ్లీ ముక్క తీసి పంపారు. ఆ వారమంతా మళ్లీ మెత్తటివే వండాను. ఆ రిపోర్టూ మంచిదే వచ్చింది. ఇప్పుడు ఆయన పొద్దున పరగడుపున మాత్ర వేసుకుంటారు, రాత్రి ఏడింటికే తినేస్తారు. తింటుంటే దగ్గు వస్తే, ఇంట్లో ఏ మూలన ఉన్నా చేతిలో పని వదిలేసి వస్తాను.