గుమ్మంలో చెప్పని మైనస్

నిన్న పొద్దున్న బరంపురం లంజిపల్లిలో మా ఇంటి ముందు మనవరాలు స్కూటర్ మీద కూర్చుని, పరీక్షకి వెళ్ళబోతూ, విద్యుదావేశాల పాఠం పైకి వల్లె వేసుకుంటూ ఒకచోట ప్లస్ అంటే, నేను లోపలినుంచి "కాదు, మైనస్" అని గట్టిగా అరిచేశాను. బయలుదేరే పిల్లని కాదంటారా అని కోడలు నొచ్చుకుంది. నేను మాత్రం వెళ్ళి మంచం మీద కూర్చుండిపోయాను.

ముప్ఫై ఆరులో కొత్త ఒరిస్సా ఏర్పడిన తొలి రోజులు మీలో కొందరికైనా గుర్తుండే ఉంటాయి. గిరిసోల దగ్గర మా పల్లె ఇటు ఒరిస్సాలో పడింది, మేనత్తగారి ఊరు అటు మద్రాసు వైపే ఉండిపోయింది. మా ఇంట్లో బరంపురం కాలేజీ గడప తొక్కిన మొదటివాడు అన్నయ్య. నన్ను బడి మాన్పించేశారు గనుక, సాయంత్రాలు పుస్తకం పట్టుకుని అతని చేత పాఠాలు ఒప్పజెప్పించుకోవడమే నా చదువు. ప్లస్ ఆవేశాన్ని మైనస్ ఆవేశం దగ్గరికి తెస్తే మనం చేసే పని మైనస్ ఎందుకవుతుందో బావి దగ్గరే చెప్పాడు. చేద తనంతట తాను దిగిపోతుంటే మనం తాడు బిగబట్టి ఆపుతూ వదులుతాం, మన చెయ్యి లాగేది పైకి, చేద కదిలేది కిందికి, అందుకే మైనస్. పైకి తోడేటప్పుడు ప్లస్. ఆ రెంటినీ విడదీయాలన్నా అంతే, అప్పుడే మన రెక్కలు నొప్పెట్టేది అని నవ్వాడు.

ఆ ఏడు పరీక్ష తప్పితే రంగూన్‌లో మేనమామ పనిచేసే బియ్యం మిల్లుకి పంపేస్తానని నాన్న కచ్చితంగా చెప్పేశారు. పరీక్షనాడు రైలుకి బయలుదేరుతూ, అన్నయ్య గుమ్మంలో అదే పాఠం గొణుక్కుంటూ, కంగారులో ఆ మైనస్‌ని ప్లస్ అన్నాడు. నేను నోరు తెరవబోయాను. "ఎల్లీటప్పుడు కాదనకే" అంటూ అమ్మ నా చెయ్యి గిల్లింది. ఊరుకున్నాను.

సాయంత్రం వచ్చి, పుస్తకం తిరగేసి, అక్కడ ప్లస్ అని రాసింది తప్పని చూసుకుని, "నీకు తెల్సా ఏటే?" అని అడిగాడు. తెలీదన్నాను. కొద్ది మార్కుల్లో తప్పాడు. ఆ ఒక్క లెక్క వల్లేనని ఎవరూ చెప్పలేరు, కాని నేను ఇంకోలా అనుకోలేకపోయాను. నాన్న అన్నట్టే అతన్ని రంగూన్ పంపేశారు. యుద్ధంలో బర్మానుంచి నడిచి వచ్చినవాళ్ళలో మామయ్య ఉన్నాడు, అన్నయ్య లేడు.

ఇప్పటి పిల్లలు శకునాలు పట్టించుకోరు, పెద్దవాళ్ళని మొహం మీదే తప్పంటారు. మన ఈడువాళ్ళు దానికి బాధపడతారు గాని, నేను పడను. నిన్న మనవరాలు "మైనస్సేలే మామ్మా" అని నవ్వి స్కూటర్ తీసింది. అన్నయ్య కూడా అలాగే నవ్వి, దిద్దుకుని రైలెక్కేవాడేమో. అంత చిన్న మాట అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.