రెండో కాలి లెక్క

మా బిడ్డ కుడి పిక్కను పన్నెండేళ్లు కొలిచాను. ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున ఆమెను గడప మీద కూర్చోబెట్టి, మోకాలి చిప్పకు నాలుగు వేళ్లు కింద దర్జీ టేపు చుట్టి, వచ్చిన అంకె నోటుబుక్కులో రాసేవాణ్ణి. నేను నాలుగో తరగతితోనే బడి మానాను. వంకర చెలకలను ముక్కోణాలుగా విడగొట్టి ఎన్ని గుంటలో తేల్చడం నాకు నేనే నేర్చుకున్నాను. నారాయణఖేడ్ చుట్టుపక్కల అన్నదమ్ములు భూమి పంచుకోవాలంటే నన్నే పిలిచేవారు. నా కొలత తప్పిందని ఎవరూ అనలేదు.

రెండేళ్ల వయసులో ఆమెకు జ్వరం వచ్చింది. మూడో రోజు పిల్లను ఎత్తుకుని, మా వీధి చివర మందులిచ్చే ఆయన దగ్గరికి పోయాను. గోలీలే వేస్తూ ఇంకో రెండు రోజులు చూడమన్నాడు.

"సూది వెయ్యకుంటె జ్వరమెట్ల పోతది? గోలీల కోసమైతె ఇంత దూరం ఎందుకొస్త?" అన్నాను.

అప్పట్లో సూది వేయని వైద్యం మాకు వైద్యంలాగే కనబడేది కాదు. కుడి పిరుదుకు వేశాడు. మర్నాడు జ్వరం తగ్గింది. పిల్లను నిలబెడితే కుడికాలు తడిగుడ్డలా వేలాడింది.

పెద్ద దవాఖానలో పోలియో అన్నారు. ఆ జ్వరంలో సూది పడితే, పడిన కాలికే ముప్పు ఎక్కువని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. కాలికి ఇనుప పట్టీలు, ఎత్తు చెప్పు చేయించమంది. చేయించలేదు. పట్టీలు కట్టడమంటే ఆ కాలును వదులుకోవడమే అనిపించింది.

నా నమ్మకమంతా కంది చేను మీద. కంది తల తుంచితే పక్కల నుంచి నాలుగు కొమ్మలు వేస్తుంది. మేక కొరికినా వేస్తుంది. మొక్కకు ఉన్న సత్తువ మనిషికి ఉండదా అనుకున్నాను. నువ్వుల నూనె రుద్దాం, కొలిచాం. ఏడాదికి టేపు మీద ఒక గీత, అంటే అరపావు అంగుళం చొప్పున పెరిగి, ఆరు అంగుళాల పిక్క పన్నెండేళ్లలో ఏడున్నరకు వచ్చింది. ఈలోగా ఆమె కుడి చేత్తో మోకాలిని నొక్కిపట్టి, ఒంగి ఒంగి నడవడం నేర్చుకుంది.

తొమ్మిదో తరగతిలో ఉండగా సూర్యగ్రహణం వచ్చింది. నాగల్‌గిద్ద అవతలి కన్నడ ఊళ్లలో ఒక నమ్మకం ఉంది. కాళ్లు పడిపోయిన పిల్లలను గ్రహణం విడిచేదాకా పెంటకుప్పలో మెడ వరకు పాతితే నడక వస్తుందంటారు. మా అమ్మ పుట్టిల్లు అటే. పది రోజుల ముందే వచ్చి కూర్చుంది.

"నేను దిగ నాయినమ్మా. మా బడి పోరీలు జూస్తరు."

"జూస్తె నీదేమన్న అరుగుతదానె? కాలొచ్చినంక గా పోరీల కంటె జల్దీ ఉరుకుతవ్."

బిడ్డ నా వైపు చూసింది. నేను గుంత లోతు లెక్క కడుతున్నాను. మెడ వరకు మూడు అడుగుల ఎనిమిది అంగుళాలు.

పెంట వేడికి ఆమె ముఖం కమిలిపోయింది. చేతులు కూడా లోపలే ఉన్నాయి. మెడ మీదికి పాకే చీమలను నేను తుడుస్తూ కూర్చున్నాను. గోడ మీది నుంచి ఇద్దరు తోటి పిల్లలు తొంగి చూశారు. ఆమె ఏడవలేదు, కళ్లు మూసుకుంది.

గ్రహణం విడిచాక కడిగి టేపు చుట్టాను. ఒక గీత ఎక్కువ వచ్చింది. మా అమ్మ చేతులెత్తి మొక్కింది. మర్నాటికి ఆ గీత లేదు. అది వేడికి వచ్చిన వాపు.

ఆ సాయంత్రం బిడ్డ నా నోటుబుక్కూ తన సైన్సు పుస్తకమూ తెచ్చి పక్కన కూర్చుంది.

"గీ పాఠం సదువుత, ఇను నాయినా."

మొక్కల కణజాలాల గురించి చదివింది. కొమ్మల కొనల్లో విభాజ్య కణజాలం ఉంటుందట. అందులోని కణాలు మొక్క బతికినన్నాళ్లూ విడిపోతూ కొత్త కణాలను పుట్టిస్తాయట.

"నేను మొదటి సంది జెప్పేది గదే గద!" అన్నాను.

"ఇగ గిది జూడు." పేజీ తిప్పింది. కొమ్మలు చీలిన తల, పొడుగాటి తోక ఉన్న బొమ్మ. కింద నాడీకణం అని ఉంది. "గిది ఒక్కపారి తయారైనంక మల్ల విడిపోదు. సచ్చిందంటె సచ్చిందే. కదులుమని కాలికి హుకుం జేసే కణాలు నా ఎన్నుబొక్కల సచ్చిపోయినయ్. మా సారును అడిగిన."

"మరి పిక్క పెరుగుతుంది గద బిడ్డా? లెక్క ఉన్నది గద?"

ఆమె నోటుబుక్కు మొదటి నుంచి చివరి దాకా తిప్పింది.

"రెండో కాలి లెక్క ఏది?"

లేదు. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా ఎడమకాలు కొలవలేదు. ఒక్క గట్టు కొలిచి చేను ఇంత అని చెప్పేవాణ్ణి ఎవణ్ణయినా నేను ఊళ్లో నిలబడనిచ్చేవాణ్ణి కాదు.

ఆమే టేపు నా చేతిలో పెట్టి ఎడమకాలు చాపింది. పదకొండున్నర. నాలుగు అంగుళాల తేడా.

"ఇగ నన్ను కొలువకు నాయినా. పట్టీలకు కొలిపియ్యి."

దవాఖానలో పట్టీలు చేసే మనిషి ఆమెను గోడకు నిలబెట్టి, వీపు మీద వేలితో పై నుంచి కిందికి ఒక గీత గీశాడు. ఆ వేలు నిటారుగా దిగలేదు.

"చిన్నగున్నప్పుడె తెస్తె నడుము గింత వంగకుండె," అన్నాడు. "కాలుకైతె పట్టీ ఏస్త. నడుముకు నేనేం జెయ్యాలె?"

బిడ్డ గోడ వైపే చూస్తూ నిలబడింది.

పట్టీలు వచ్చిన రోజు బస్టాండు నుంచి ఇంటి దాకా ఆమె నా ముందు నడిచింది. అడుగడుగుకూ ఇనుము చప్పుడైంది. చెయ్యి మోకాలి మీద లేదు, పక్కన ఊగుతోంది. కుడి భుజం మాత్రం ఎడమదాని కంటే కిందికే ఉంది. ఎంత కిందికి ఉందో టేపు లేకుండానే నాకు తెలిసింది. ఆ అంకెను ఎక్కడా రాయలేదు.