చల్లటి కడుపుకు పాలు

1976 ఎండాకాలం. లింగాల ఘనపూర్‌కు దగ్గర్లోని ఒక ఊళ్లో, పశువుల దవాఖానలో నేను కాంపౌండరుగా పనిచేస్తున్నాను. డాక్టరుగారు వారానికి రెండు రోజులు జనగామ నుంచి వచ్చేవారు. మిగతా రోజుల్లో గాయాలకు కట్లు కట్టడం, గొర్రెలకు నట్టల మందు తాగించడం, ఎద్దులకు టీకాలు వేయడం అన్నీ నేనే. జనం నన్నే ‘డాక్టర్ సాబ్’ అనేవారు. నేనూ కాదనేవాణ్ణి కాదు.

ఒకరోజు పొద్దున్నే అనసూయమ్మ చేతిలో చేట పట్టుకుని వచ్చింది. ఆమె ఊళ్లో పెద్ద సేద్యం ఉన్న ఇంటి కోడలు, నలభై ఏళ్ల మనిషి. చేట బల్ల మీద పెట్టి, కప్పిన గుడ్డ తీసింది. లోపల నాలుగు పిల్లికూనలు. ఇంకా కళ్లు తెరవలేదు. అరవడానికి నోరు తెరుస్తున్నాయి గాని గొంతు రావడం లేదు.

“నిన్న తరిగొప్పుల నుంచి గడ్డి బండి వచ్చింది. వాము వేస్తుంటే గడ్డిల ఇవి దొరికినయి. తల్లి ఆడనే ఉండిపోయినట్టున్నది” అంది. “బండాయనను మళ్ల తోలిన. అంత తిరిగి చూసిండట, జాడ లేదన్నడు. వీటిని ఎట్లన్న దక్కించాలె. గడ్డి తెమ్మన్నది నేనే. పిల్లి ఉసురు మంచిది కాదంటరు.”

పిల్లుల గురించి నాకు ఎవరూ ఏమీ నేర్పలేదు. తెలిసిందల్లా డ్రెంచింగ్, అంటే పశువు తల పైకెత్తి మందు గొంతులో పోయడం. పక్కింటి నుంచి ఆవుపాలు తెప్పించి, పెన్నులో సిరా నింపే ఫిల్లర్ కడిగి, ఒక కూనను వెల్లకిలా పట్టుకుని నోట్లో పాలు పిండాను. అది పొలమారింది. ముక్కులోంచి పాలు బయటికొచ్చాయి. ఆకలి మీద ఉంది కదా అని మళ్లీ పిండాను. కాసేపటికి ఊపిరి గరగరమనడం మొదలైంది. గంట గడవకముందే అది నా అరచేతిలోనే పోయింది. పాలు కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్పిరేషన్ అంటారు. ఆ మాట నాకు తెలుసు. నా చేతికే తెలియలేదు.

అనసూయమ్మ చచ్చిన కూనను గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. ఏం చేయాలో తోచక నేను రెండోదాన్ని అందుకున్నాను.

“ఆగు సారూ” అంది వరండాలో కూర్చున్న సోమ్లి.

సోమ్లిది దగ్గరి లంబాడీ తండా. ఆమె మేక ఈనిన పిల్ల రెండు రోజుల కింద పోయింది. పాలు తాగే పిల్ల లేక పొదుగు బిగుసుకుపోతే మేకను తోలుకొచ్చి, తన వంతు కోసం చూస్తోంది. లేచి వచ్చి, చిటికెన వేలు కూన నోట్లో పెట్టి చూసింది.

“నోరు సల్లగున్నది. కడుపు గూడ గట్లనే ఉంటది. సల్లటి కడుపుల పాలు పోస్తే అరగయి, ఇరుగుతయి. ముందుగాల ఒళ్లు ఎచ్చజెయ్యాలె.”

సిరంజీలు మరగబెట్టే స్టవ్ మీద ఇసుక వేయించమంది. దాన్ని గుడ్డలో మూటగట్టి, తన చెంపకు ఆనించి వేడి చూసుకుని, మూడు కూనలనూ ఆ మూట పక్కన పడుకోబెట్టింది. గంట దాటాక ఒకటి కదిలింది. ఇంకాసేపటికి మూడూ మూతులతో వెతుక్కోవడం మొదలుపెట్టాయి. అప్పుడు మేకను పిండి, కూనను బోర్లా పట్టుకుని, తల దానంతటదే ఎత్తేలా చేసి, ఫిల్లర్ కొన పెదవికి ఆనించింది. పాలు పిండలేదు. అదే చీకింది.

“తల్లి కాడ ఎల్లకిల పండుకోని తాగుతదా సారూ?” అంది నా వైపు చూడకుండా.

పాలు తాగాక తడిపిన దూదితో వాటి తోక కింద మెల్లగా తుడిచింది. ఎందుకని అనసూయమ్మ అడిగింది.

“తల్లి నాకితేనే ఉచ్చ పోస్తయి, పటేలమ్మా. తల్లి లేకుంటే మనమే తుడవాలె. లేకుంటే కడుపుబ్బి సస్తయి.”

“నాకు చూపెట్టు” అని అనసూయమ్మ నేల మీద ఆమె పక్కనే చతికిలబడింది. ఆ ఇంటి ఆడవాళ్లు తండా మనిషి పక్కన కూర్చోవడం ఆ ఊళ్లో నేను అంతకుముందు చూడలేదు.

పిల్లికూనలు ఇంట్లోకి వద్దని ఆమె భర్త ఖచ్చితంగా చెప్పాడట. అందుకని మందుల అట్టపెట్టెలో దవాఖానలోనే ఉంచాం. సోమ్లి రోజూ పొద్దున పాలు తెచ్చేది. అనసూయమ్మ పూటకు రెండుసార్లు వచ్చి పట్టేది. మిగతా వేళల్లో నేను. మూడో రోజు చిన్నదానికి విరేచనాలు పట్టుకున్నాయి. మెడ మీది చర్మం పట్టి వదిలితే అలాగే ముడతగా నిలబడింది. అది డీహైడ్రేషన్‌కు, అంటే ఒంట్లో నీరు తగ్గడానికి గుర్తు. పాలు ఆపి, కాచిన నీళ్లలో కాస్త చక్కెర, చిటికెడు ఉప్పు కలిపి చుక్క చుక్కగా పట్టాం. మర్నాటి సాయంత్రానికి అది ఫిల్లర్‌ను రెండు కాళ్లతో పట్టుకుంది. ఆ ఫిల్లర్ పట్టుకున్నది అనసూయమ్మే. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకోవడం చూసి నేను బయటికి వెళ్లాను.

ఆ వారం డాక్టరుగారు రిజిస్టరు చూశారు. పిల్లులకు అందులో గడి లేదు. ‘ఇతరములు’ అన్నచోట రాశాను: నాలుగు కూనలు, ఒకటి నేను పాలు తప్పుగా పట్టడం వల్ల మరణం.

“ఇట్ల ఎవరన్న రాస్తరా?” అన్నారు ఆయన.

“జరిగింది అదే సార్.”

ఆయన పెన్ను తీసి కింద సంతకం పెట్టారు.

కళ్లు తెరిచిన పది రోజులకు అనసూయమ్మ భర్త వచ్చాడు. గడపలో నిలబడి చాలాసేపు చూశాడు. ఒకటి తడబడుతూ వచ్చి ఆయన చెప్పు మీద ఎక్కి కూర్చుంది.

“ఈడ కుక్కలు తిరుగుతయి. ఇంటికి తెచ్చుకో” అన్నాడు భార్యతో.

రెండు వాళ్లింటికి వెళ్లాయి. మూడోదైన ఆడకూనను, నెల దాటాక, సోమ్లి తండాకు తీసుకుపోయింది. జొన్నగుమ్మిని ఎలుకలు ఖాళీ చేస్తున్నాయట.

తర్వాత నన్ను మహబూబాబాద్ వైపు బదిలీ చేశారు. అక్కడ ఒక వానాకాలం, రాత్రంతా వానలో తడిసిన దూడను ఒక రైతు భుజాన వేసుకొచ్చాడు. అతని భార్య చేతిలో పాలసీసా ఉంది. దూడ నోట్లో వేలు పెట్టి చూశాను, మంచులా ఉంది. సీసా కింద పెట్టమని, పొడి గోనెలు, వేడి ఇసుక తెమ్మన్నాను. మధ్యాహ్నానికి దూడ వేలు చీకింది. అప్పుడు పాలు పట్టనిచ్చాను.

“గిది ఏ కాలేజీల చెప్పిండ్రు సార్?” అని అడిగాడు రైతు.

“కాలేజీల కాదు. సోమ్లి అని ఒకామె, మేకలు కాసేది. ఆమె చెప్పింది” అన్నాను. నాకు తెలిసిన వైద్యంలో ఏది ఎవరి దగ్గర నేర్చుకున్నానో, అడిగినవాళ్లకు ఆ మనిషి పేరుతోనే చెప్పడం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను.