జోడీ పెట్టెల కాపలా

పొద్దున చాయ్ తాగేముందు రామలింగం గ్లాసును వెలుతురుకు ఎత్తి అడుగు చూస్తాడు. పాలు ఇంటి బర్రెవే. ఫలక్‌నుమాలో వాళ్లది తాతల నాటి పాడి. గ్లాసు తోమేది భార్య లలితమ్మ. అయినా చూస్తాడు.

"నా మీద గూడ అనుమానమేనా?" అని ఆమె అడిగితే, "నీ మీద గాదు, గ్లాసు మీద" అంటాడు.

మాది పక్కిల్లు. గోడ అవతలి నుంచి ఈ మాటలు రోజూ వినిపిస్తాయి.

పాడి తమ్ముడికి వదిలేసి ఆయన చాంద్రాయణగుట్ట అవతల ఒక సర్కారీ కంపెనీలో కంప్యూటర్ ఆపరేటరయ్యాడు. 1985లో అక్కడికి బీరువాలంత యంత్రాలు రెండు వచ్చాయి. ఒకటి పని చేస్తుంటే రెండోది కనిపెట్టుకుని ఉంటుంది. మొదటిది చెడితే పని ఆగకుండా అందుకుంటుంది. ఇంజనీర్లు మొదటిదాన్ని ప్రైమరీ అనీ, రెండోదాన్ని స్టాండ్‌బై అనీ, ఆ అందుకోవడాన్ని టేకోవర్ అనీ అన్నారు. కంప్యూటర్ గదిలో వాళ్లకు మాత్రం అది జోడీ.

"పెద్దోడు పంటే చిన్నోడు లేస్తడు. గంతే" అని రామలింగం చెప్పేవాడు.

మరుసటి ఏడు దసరా వెళ్లిన కొన్నాళ్లకు, యంత్రాలు అమ్మిన కంపెనీ నుంచి సుశీల అనే ఇంజనీరు తనిఖీకి వచ్చింది. టేకోవర్ చూద్దామని పెద్దదాన్ని ఆపింది. చిన్నది లేవలేదు. ఆఫీసులో తెరలన్నీ నల్లబడ్డాయి. చిన్నది చాలా రోజుల కిందటే ఆగిపోయిందనీ, ఇన్నాళ్లూ పెద్దది ఒక్కటే నడిచిందనీ అప్పుడు తేలింది. ఆమె పెద్దదాన్ని మళ్లీ నడిపించి, చిన్నదాన్ని మర్నాడు విప్పి చూస్తానంది.

"ఎవరో కావాలని ఆపారు. ఎవరో చెప్పు, లేకపోతే నీ పేరే రాస్తాను" అన్నాడు ఆఫీసరు ఆనందరావు, రామలింగంతో.

రామలింగానికి వెంటనే తట్టిన మనిషి రాజన్న. తాత్కాలిక అటెండరు. ఆ నెలలోనే పర్మనెంటు కావాలి. ఏసీ చల్లదనానికి యంత్రాల వెనక చేరి కునుకు తీసేవాడు. రామలింగం ఆ పేరే చెప్పాడు. సోమవారం నుంచి రావద్దని రాజన్నకు కబురు వెళ్లింది.

ఆ సాయంత్రమే చాయ్ బండి దగ్గర రాజన్న ఆయన్ని పట్టుకున్నాడు.

"అన్నా, నేను చిన్నోణ్ణి ముట్టంగ చూసినవా?"

"చూడలే. నువ్వు గాక యెనక పండేటోడు ఇంకెవడున్నడు?"

"పంటే దొంగనైతనా? రేపు నీ బర్రె పాలియ్యకుంటే గది గూడ నా పనే అంటవ్. పిల్లలున్నరు అన్నా నాకు."

రామలింగం చాయ్ గ్లాసు ఎత్తి అడుగు చూశాడు. రాజన్న చేతులు వణుకుతున్నాయా, కళ్లు తప్పిస్తున్నాడా అని చూస్తూ చాయ్ తాగాడు. రెండూ కనబడకపోయేసరికి, గట్టివాడే అనుకున్నాడట.

మర్నాడు సుశీల చిన్నదాన్ని విప్పింది. లోపల ఒక సర్క్యూట్ కార్డు మాడిపోయి ఉంది. "ఎవరూ ఆపలేదండీ, దానంతటదే పోయింది. కానీ జోడీలో చిన్నది ఆగితే పెద్దదాని మీద ఎర్రదీపం వెలగాలి. గంట కూడా మోగాలి."

కరెంటు పోయినప్పుడల్లా లొల్లి చేస్తోందని గంట తీగ ఎప్పుడో పీకేశారు. దీపం మాత్రం తను వెలగంగా చూడలేదని రామలింగం గట్టిగా చెప్పాడు.

ఆమె వంగి, పెద్ద యంత్రం ముందువైపు ఎండి పెచ్చుకట్టిన చందనాన్ని గోటితో గీకింది. కుంకుమ రాలింది. దాని కింద దీపం ఎర్రగా వెలుగుతూనే ఉంది.

అంతకుముందు దసరాకు గదిలో యంత్రాలకు ఆయుధపూజ చేశారు. బొట్టు పెట్టడానికి నుదురు లాంటి చోటు వెతికితే, గుండ్రంగా ఉబ్బిన ఆ దీపమే కుదురుగా కనబడింది.

తలుపు దగ్గర నిలబడ్డ రాజన్న నెమ్మదిగా అన్నాడు. "పళ్లెం నేను పట్టిన. బొట్టు నువ్వు పెట్టినవ్ అన్నా."

రామలింగం నేరుగా ఆనందరావు గదికి వెళ్లాడు.

"సార్, రాజన్న పేరు జెప్పింది తప్పు. బొట్టు నాది. గంట పీకింది గూడ నేనే."

"నిన్న అంత గట్టిగా ఎలా చెప్పావు మరి?"

"అనుమానమొచ్చింది సార్. వస్తే అది నిజమే అనిపిస్తది నాకు."

రాజన్నను ఆ నెలలోనే పర్మనెంటు చేశారు. రామలింగాన్ని కంప్యూటర్ గది నుంచి తీసేశారు. మూడేళ్లుగా ఆయన అదే కంపెనీ స్టోర్సులో నట్లు, బోల్టులు తూచి ఇస్తున్నాడు.