సరిత తెరవని పేజీ

దాదాపు ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నోటితో చెప్పింది కాదు, నోరు మూసుకుని చేసింది. దాని బరువు నా మీద కంటే నా పెద్దబిడ్డ మీద ఎక్కువ పడింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది గద్వాల. చీరలు నేస్తాను. నా భార్య మగ్గానికి నూలు కండెలు చుడుతుంది. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదాన్ని సరిత అనుకోండి, అసలు పేరు రాయలేను. కరోనాకు బడులు మూసిన ఏడు ఆమెకు పన్నెండేళ్లు, ఎనిమిదో తరగతి. పాఠాలన్నీ ఫోన్‌లోనే. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోన్, నాది.

ఆ రోజుల్లో చీరలు కొనేవాళ్లు లేక మగ్గం ఆగిపోయింది. పొద్దంతా ఖాళీ. ఆ ఖాళీలో నేను పెద్దలు మాత్రమే చూసే సైట్లకు అలవాటు పడ్డాను. లోపలికి పోయే ముందు ఒక ప్రశ్న వచ్చేది: మీకు పద్దెనిమిదేళ్లు నిండాయా? నాకు నలభై. అవునని నొక్కేవాణ్ని. ఒక మధ్యాహ్నం ఎవరో వాకిట్లోంచి పిలిస్తే ఫోన్ అట్లాగే పక్కన పెట్టి లేచిపోయాను. పేజీ మూయలేదు.

నేను తిరిగి లోపలికి వచ్చేసరికి ఫోన్ సరిత చేతిలో ఉంది. సరిత జుట్టు వాళ్లమ్మ చేతిలో ఉంది.

“ఏందే ఇది? పాఠమని చెప్పి గివి సూస్తున్నవా?”

“నేను సూడలేదమ్మా! ఫోన్ తియ్యంగనే గదే వచ్చింది.”

“నువ్వు ముట్టకుంటె గదెట్ల వస్తదే?”

సరిత నా వైపు తిరిగింది. “నాయినా, నువ్వన్న చెప్పు. నేను తెరువలే.”

ఇద్దరూ నా ముఖమే చూస్తున్నారు. ఒక్క మాట చాలు. నేను అన్న మాట ఇది: “ఇయ్యాల్టి సంది ఫోన్ ముట్టకు.”

ఎందుకన్నాను? సిగ్గా? భార్య ముందు చులకనవుతానన్న భయమా? రెండూ ఉన్నాయి. కానీ ఇన్నేళ్లు తవ్వి చూసుకుంటే వాటి కింద ఇంకొకటి కనబడింది, పన్నెండేళ్ల పిల్ల మాట ఎవరూ నమ్మరని నాకు ఆ క్షణంలోనే తెలుసు, తెలిసే దాన్ని వాడుకున్నాను. సరిత ఏడవలేదు. నన్ను కాసేపు చూసి, తల దించుకుంది.

మిగతా పాఠాలు ఆమె వినలేదు. పక్కింటి పిల్ల నోట్సు తెచ్చుకుని రాసుకుంది. అయినా చదివింది. పదో తరగతి అయ్యాక వనపర్తిలో పాలిటెక్నిక్ సీటు తెచ్చుకుంది. అక్కడ నా చెల్లెలి ఇల్లు ఉంది. మేనత్త ఇంట్లో ఉండి చదువుకోవాలన్నది ఎప్పటి నుంచో అనుకున్నదే. కానీ ఫోన్ సంగతి నా భార్య అప్పట్లోనే నా చెల్లెలికి చెప్పుకుని ఏడ్చింది. చెల్లెలు వద్దంది.

నేను బస్సెక్కి పోయాను. తప్పు పిల్లది కాదు చెల్లె, నాది. దారి పొడుగునా ఈ మాటే అనుకుంటూ పోయాను. ఆమె చాయ్ ఇచ్చి, “సరిత మీద నాకేం కోపం లేదన్నా. మా ఇంట్ల చిన్నపిల్లలున్నరు. జర నువ్వే ఆలోచన చెయ్యి,” అంది. నేను ఆలోచించినట్టు తల ఊపాను. “నీ మాట గూడ నిజమే,” అన్నాను. చాయ్ తాగి వచ్చేశాను.

హాస్టల్‌కు నా భార్య ఒప్పుకోలేదు. అక్కడ ఎవరి చేతిలో ఏ ఫోన్ ఉంటుందోనని. సీటు పోయింది. సరిత నా పక్క మగ్గంలో కూర్చుంది. నాకంటే బాగా నేస్తుంది. ఇప్పటికీ ఫోన్ మోగితే ఎత్తదు, వాళ్లమ్మను పిలుస్తుంది. ఈ ఏడే ఆమెకు పద్దెనిమిది నిండాయి.

పోయిన నెల చిన్నబిడ్డ బడిలో తల్లిదండ్రులను పిలిచారు. అట్లాంటి సైట్లు ఊరికే వయసు అడిగి వదిలేయకూడదనీ, ఆధారం చూసి తేల్చుకున్నాకే తెరవాలనీ, అలా నిబంధన పెట్టమని సర్కారుకు అర్జీ రాస్తున్నామనీ టీచరమ్మ చెప్పింది. మొదటి సంతకం నాదే. దారిలో నా భార్య, “గిది అప్పుడే ఉంటె మన సరిత బతుకు గిట్ల కాకపోవు,” అంది.

ఆ నిబంధన రావాలి. మనసారానే సంతకం పెట్టాను, ఎందరో పిల్లలకు అది అడ్డుగా నిలబడుతుంది. కానీ ఆ రోజు ఎంత గట్టి తనిఖీ ఉంటే మాత్రం ఏం చేసేది? నా ఆధార్ చూసేది. నా ముఖం చూసేది. నలభై ఏళ్లవాణ్నని తేల్చుకుని నన్ను లోపలికి పంపేది. ఆ తర్వాత పేజీ మూయాల్సింది నేను. నా బిడ్డ నన్ను అడిగినప్పుడు నిజం చెప్పాల్సిందీ నేనే.

సరితకు కొత్తగా చెప్పేదేముంది? తల దించుకునే ముందు నన్ను చూసిన ఆ కాసేపట్లోనే ఆమెకు అర్థమై ఉంటుంది. చెప్పాల్సింది వాళ్లమ్మకు, నా చెల్లెలికి. చెబుతానా? ఇంకా తెలియదు. చెప్పినా సీటు రాదు, క్షమించమని అడగడానికి నాకు నోరు లేదు. ముందు మీకు చెప్పాను. ఆ పేజీ తెరిచింది నేను, నా బిడ్డ కాదు. ఈ వాక్యం రాసి మూడుసార్లు చదువుకున్నాను. కొట్టేయలేదు.