రాకాసిరాళ్ల మీద రాజు ఏషం

మనుమరాలు ఫోన్ల ఫోటో చూపిచ్చింది. వనపర్తి దిక్కు మా బడి ఎనుక చేన్ల ఉన్న నిలువురాళ్లకు ఇనుప కంచె ఏసిన్రు. మా ఈడోళ్లకు యాదికుందా, వాటిని రాకాసిరాళ్లు అంటుంటిమి?

చిన్నప్పుడు బడి నాటకంల రాజు ఏషం అడిగితే పంతులు, "ఆడపిల్లవు, నీకెందుకు?" అన్నడు. నేను సక్కగ పోయి ఆ రాళ్ల నడుమ పడున్న బండరాయెక్కి, రాజు మాటలు గట్టిగ చెప్పవట్టిన. పంతులు ఇని ఉరికొచ్చిండు, గని రాళ్ల అవతల్నే నిలవడ్డడు.

"దిగు, రాకాసి పట్టుకుంటది."

"రాకాసి లేదు, పాతకాలపోళ్ల సమాధులని బళ్లె మీరే చెప్తిరి గద. వచ్చి దింపుండ్రి."

ఆయన రాలే. రాజు మాటలు ఒడిసినంక నేనే దిగిన.

ఇప్పుడు కంచెకు 'ఎక్కరాదు' అని బోర్డు వెట్టిన్రట. గా మాట నాకు కొత్తగాదు.