సారున్నన్ని దినాలే ఆట

మా చిన్నప్పుడు... శేరిలింగంపల్లిలో మా అపార్ట్‌మెంట్ల వెనక ఓ మట్టి గ్రౌండ్ ఉండేది. సాయంత్రమైతే చాలు ఎర్రటి దుమ్ము లేచేది. దండెం మీద ఆరేసిన బట్టలన్నీ పాడవుతున్నాయని మా అమ్మలు బాల్కనీల్లోంచి తిట్లు మొదలుపెట్టేవాళ్ళు. ఆ దుమ్ములోనే మా ఫుట్‌బాల్ క్లబ్. నేను అమ్మాయిల జట్టుకు గోల్‌కీపర్‌ని. ఇప్పటి నా ఫొటో చూసి నవ్వకండి... అప్పట్లో చురుగ్గానే ఉండేదాన్ని!

మా కోచ్ నర్సింగ్ సార్. బాలానగర్ నుంచి బండి మీద వచ్చేవారు. ఇంటింటికీ తిరిగి, బతిమాలి, అమ్మాయిల జట్టును పోగుచేసింది ఆయనే. మాది కాకినాడ నుంచి వచ్చిన కుటుంబం. మా అమ్మ "చదువు పాడవదు కదండీ?" అని ఒక్క ప్రశ్న వేసి ఒప్పేసుకుంది. సృజన వాళ్ళింట్లో అంత తేలిగ్గా అవలేదు.

సృజన మా జట్టుకు ప్రాణం. బంతి దాని కాళ్ళను వదిలేది కాదంటే నమ్మండి. వాళ్ళది పాత ఊళ్ళో, వాకిట్లో నీళ్ళ గోలెం ఉన్న ఇల్లు. ఆడపిల్ల నిక్కరేసుకుని ఆడటమేంటని వాళ్ళ నాన్న ససేమిరా అన్నాడు. సార్ పట్టు విడవలేదు. చివరికోరోజు వాళ్ళింట్లోనే సత్తు గిన్నెలో పచ్చిపులుసన్నం తిని, "నా బిడ్డ లెక్క చూసుకుంట అన్నా" అన్నారట.

"సరే సారూ... నువ్వున్నన్ని దినాలు ఆడనీ" అన్నాడట వాళ్ళ నాన్న.

మేం ఎగిరి గంతేశాం. ఆ మాటలో ఉన్న మెలిక మాకెవరికీ తట్టలేదు... సృజనకు తప్ప.

లీగ్ మొదలైంది. గెలవడం మొదలుపెట్టాం. అదే మా కొంప ముంచింది! పెద్ద అకాడమీల కళ్ళు మా కోచ్‌ల మీద పడ్డాయి. ముందు అబ్బాయిల కోచ్ పోయారు. వారం తిరిగేసరికి బాగా ఆడే అబ్బాయిలంతా ఆయన వెనకే గచ్చిబౌలి వైపు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు కొన్నాళ్ళు గోడెక్కి మా ఆట చూసి, తర్వాత అదీ మానేశారు. వాళ్ళు ఆడిన సగం గ్రౌండ్‌లో కుక్కలు పడుకునేవి. అటు బంతి పోతే తేవడానికి మాకు కాళ్ళు వచ్చేవి కావు... ఎందుకో భయం.

తర్వాత మాతో కసరత్తులు చేయించే అక్క రావడం మానేసింది. ఎందుకని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

సృజన మాత్రం నర్సింగ్ సార్‌ను కనిపెట్టుకుని ఉండేది. ఆయన ఫోన్ పట్టుకుని గోల్‌పోస్ట్ వెనక్కి వెళ్తే చాలు, దీని ఆట ఆగిపోయేది. ఎవరితో మాట్లాడుతున్నారు, ఎందుకు నవ్వారు, మనకెందుకు వీపు తిప్పారు... అన్నీ నా చెవిలో ఊదేది. "నీకు పిచ్చే" అనేదాన్ని. ఓ రోజు ఆపుకోలేక అడిగేసింది.

"సార్, మీరు గూడ పోతరా?"

"యాడికి పోత బిడ్డా? ఫికర్ చెయ్యకు. ఆట మీద దిమాక్ పెట్టు."

అలా అంటూ ఆయన దాని మొహం చూడలేదు. వంగి బూటు లేసు కట్టుకుంటున్నారు. ఆ లేసు అప్పటికే కట్టి ఉంది.

ఆదివారం సెమీఫైనల్. శుక్రవారం ప్రాక్టీసయ్యాక సార్ బండెక్కి, "ఇగ పోతున్న" అన్నారు. అయ్యో రామా... బయల్దేరేటప్పుడు ఆ మాట ఎవరైనా అంటారా! మా నాయనమ్మ వినుంటే వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి మరీ పంపేది. మేమంతా ఒకటే గోల. "పోతున్న అనొద్దు సార్! వస్త అనాలె!"

ఆయన హెల్మెట్ పెట్టుకుని, "సరే... వస్త" అన్నారు.

మాకంతే చాలు. పిచ్చి మొహాలం... ఆ మాట అనిపించాం కాబట్టి మనిషి వచ్చి తీరతారనుకున్నాం. ఎన్నాళ్ళకో సృజన కూడా హాయిగా నవ్వింది.

మర్నాడు ఆయన రాలేదు. విజిల్ వేసుకుని ఎవరో కొత్త సార్ వచ్చారు. చెడ్డవారేం కాదు పాపం. పేర్లు తెలియక మమ్మల్ని చొక్కా మీది నంబర్లతో పిలిచారు. కబురెలా అందిందో, ప్రాక్టీసు సగంలో ఉండగానే సృజన వాళ్ళ నాన్న వచ్చాడు.

"మా ఇంటికొచ్చిన సారేడి?"

"వేరే అకాడమీకి పోయిండన్నా. నేనున్న కద, పరేషాన్ గాకు."

"నువ్వెవలో నాకెర్కనా? నేను ఒప్పుకున్నది ఆ సారును జూసి. క్లబ్బును జూసి గాదు."

అరవలేదాయన. అరిచినా బాగుండేది, మా అమ్మలెవరైనా దిగొచ్చి సర్దిచెప్పేవాళ్ళు. మెల్లగా "నడు బిడ్డా" అన్నాడంతే. సృజన బూట్లు విప్పి, చెప్పులేసుకుని, ఆయన వెనకే వెళ్ళిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నాకు ఏడుపొచ్చింది. సార్ మీద ఎక్కడలేని కోపమొచ్చింది.

ఆదివారం ఓడిపోయాం. ఆ కొత్త సారూ కొన్నాళ్ళకే మారారు. తర్వాత వచ్చినాయన పేరు నేను నేర్చుకోనేలేదు... ఎలాగూ పోయేవాడేగా అని. ఒక్కొక్కరం తగ్గిపోయి, ఓ వేసవి సెలవుల తర్వాత క్లబ్ మళ్ళీ తెరుచుకోలేదు.

మొన్న చందానగర్ మార్కెట్లో టమాటాలు ఏరుకుంటుంటే, "ఏం కీపరూ!" అని కేక. చూస్తే నర్సింగ్ సార్. గడ్డం నెరిసింది. నేనెలా ఉన్నానని కూడా అడగలేదు. మొహం వెలిగిపోతూ, "మన సృజన ఇప్పుడు ఏ టీముకు ఆడుతున్నది?" అన్నారు.

ఇన్నేళ్ళుగా ఆయన్ని కడిగేద్దామని దాచుకున్న మాటలన్నీ పక్కనపెట్టి, ఉన్నది చెప్పేశాను.

"ఆడట్లేదు సార్... మీరు వెళ్ళిన మర్నాడే మానేసింది."

చేతిలో సంచి కింద పెట్టేశారు.

"క్లబ్బు ఉండె కద బిడ్డా..."

ఇప్పుడు మన వైపు సందుకో టర్ఫ్. పచ్చటి గడ్డి, లైట్లు... కోచ్ మారితే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, మర్నాడు ఆట మామూలే. సంతోషం. కానీ ఏ పిల్ల ఎవరి మొహం చూసి గడప దాటి వచ్చిందో, ఆ మెసేజ్ పంపేవాళ్ళకు తెలుసా?

మీకూ ఇలాంటి సారో టీచరో ఉండే ఉంటారు. వాళ్ళ కబుర్లు తర్వాత చెబుదురుగాని... వాళ్ళు వెళ్ళాక ఆట మానేసిన మీ నేస్తం పేరు ముందుగా కింద రాయండి. మొదటి పేరు నేనే రాస్తున్నా... సృజన.